లాప్‌టాప్ స్లోగా ఉన్నన్నాళ్ళు

"ఏమే, నీ లెక్కల సాఫ్ట్‌వేర్ ఎస్‌ఎస్‌డీ ఉన్న లాప్‌టాప్‌లో బాగా పన్జేసిద్దా?"

ప్రవీణ్ ఫోన్లో ఈ మాట అడిగేసరికి దీపిక పీట మీద కూర్చుని గోంగూర ఆకు తుంచుతోంది. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆమె చదువు గురించి భర్త తనంతట తాను అడిగిన మొదటి ప్రశ్న ఇది. ఇంకో ఆడదైతే పొంగిపోయేది. దీపికకు మాత్రం అరచేతులు చల్లబడ్డాయి.

ఎందుకంటే మూడేళ్ళుగా అడుగుతున్నది ఆమే. "కొత్త లాప్‌టాప్ అక్కర్లేదండీ, పాత హార్డ్ డిస్క్ తీసేసి వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీ వేయిస్తే చాలు, నా పని ముందుకు సాగుతుంది" అని ఎన్నిసార్లు బతిమాలిందో. అడిగినప్పుడల్లా ప్రవీణ్ "ఉన్నది నడస్తానే ఉందిగా" అనేవాడు. నరసరావుపేటలో డిగ్రీ కాలేజీ లెక్చరరుగా ఆమె తెచ్చే జీతం పడే కార్డు అతని పర్సులోనే ఉంటుంది కాబట్టి ఆ మాటకు తిరుగులేదు. మామగారు వీరయ్య అయితే "పీహెచ్‌డీ అయ్యి డాక్టరమ్మవైతే మా మోకాళ్ళ నొప్పులకు మందిస్తావా ఏందమ్మాయ్" అని నవ్వేవాడు. అత్తగారు ఆదిలక్ష్మమ్మ నవ్వేది కూడా కాదు. "ఆ డబ్బా ముందర కూచ్చుంటే ఇక్కడ కూర మాడుద్ది" అనేది, అంతే. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడిగినా పెట్టని ఇంట్లో, అడక్కుండా పెడుతున్నారంటే భయం వేయదూ?

పని చేయదని చెప్పేద్దామా అనుకుంది. ఎస్‌ఎస్‌డీకీ స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌కూ పడదండీ, మాటిమాటికీ ఆగిపోతుంది అంటే, అతనికేం తెలుసు? నోటిదాకా వచ్చింది కూడా. అంతలో ఫోన్లో వెనకనుంచి లాప్‌టాప్ కొట్టు అతని గొంతు వినిపించింది. "అన్నా, డౌటే వద్దు. సాఫ్ట్‌వేర్ ఇట్టా నొక్కితే అట్టా తెరుచుకునిద్ది. పెద్ద పెద్ద ఫైళ్ళు కూడా చిటికెలో. ర్యామ్ కూడా పదహారు ఉంది గదా."

"ఏందీ, లైన్లో ఉన్నావా?" అన్నాడు ప్రవీణ్.

"చేస్తుంది" అంది దీపిక.

"ఎవురు, వాడేనా? అన్నానికొస్తాడంటనా?" పొయ్యి దగ్గర నుంచి ఆదిలక్ష్మమ్మ అడిగింది. దీపిక తలూపింది. ఏం చెప్పాలో తెలియనప్పుడు ఆ ఇంట్లో తలూపడమే పద్ధతి.

అసలు సంగతి ఇది. దీపిక థీసిస్ ఆడవాళ్ళ రోజు గురించి. పొద్దున ఎన్నింటికి లేస్తారు, ఎన్ని గంటలు పని చేస్తారు, అందులో కూలి వచ్చేదెంత, రానిదెంత, ఇంట్లో ఏ నిర్ణయం ఎవరిది? రొంపిచెర్ల, ముప్పాళ్ళ మండలాల్లో నాలుగు వందల పన్నెండు మంది ఆడవాళ్ళను రెండేళ్ళపాటు సెలవు రోజుల్లో తిరిగి తిరిగి అడిగింది. ఆ తిరిగిన రోజుల్లో ఇంటి పని ఎవరు చేశారంటారా? ఆమే, వెళ్ళేముందు సగం, వచ్చాక సగం. తన రోజును కూడా ఒకసారి అదే ఫారంలో నింపి చూసుకుంది. పదిహేడు గంటల పని తేలింది. లెక్క తప్పిందేమోనని మళ్ళీ కూడితే పదిహేడున్నర వచ్చింది.

ఆ ఫారంలో ముప్పై నాలుగో ప్రశ్న: మీ ఓటు ఎవరికి వేయాలో ఎవరు నిర్ణయిస్తారు? భర్తా, ఇంటి పెద్దా, మీరేనా?

ఈ ప్రశ్న దగ్గర ఆడవాళ్ళు గొంతు తగ్గించేవాళ్ళు. వీళ్ళింట్లోనే గొడ్ల చావిడి ఊడ్చే రోశమ్మ అయితే అటూ ఇటూ చూసి, "మా ఆయన ఎటంటే అటు తలకాయ ఊపుతానమ్మా. లోపలికి పోయినాక ముద్ర నా చేతిలోనే ఉండిద్ది గదా" అని కిసుక్కున నవ్వింది. నవ్విన వెంటనే భయపడింది. "పేరు బయటికి రాదుగా?"

"రాదు రోశమ్మా, ఒట్టు."

ఆ ఒట్టు కోసమే దీపిక పేర్లన్నీ తీసి వేరే ఫైల్లో పెట్టింది. జవాబులున్న ఫైల్లో ఉండేవి నెంబర్లే. ఏ నెంబరు ఎవరిదో తెలియాలంటే 'పేర్లు' అనే రెండో ఫైలు కావాలి. అది ఆమె లాప్‌టాప్‌లో తప్ప లోకంలో ఎక్కడా లేదు. వచ్చే ఏడాది అదే ఆడవాళ్ళను మళ్ళీ అడిగి, ఏం మారిందో చూడాలి కాబట్టి దాన్ని దాచింది. రెండో విడత లేకపోతే థీసిస్ సగమేనని గైడుగారు ముందే చెప్పారు.

ఇంత జాగ్రత్త పడ్డ మనిషి నోరు జారింది. పోయిన ఆదివారానికి ముందు ఆదివారం, భోజనాల దగ్గర. తండ్రీ కొడుకులు రాబోయే పంచాయతీ ఎన్నికల గురించి మాట్లాడుకుంటున్నారు. పోయినసారి సర్పంచి సీటు ఆడవాళ్ళకు వచ్చిందని ఆదిలక్ష్మమ్మను నిలబెట్టారు. గుర్తు ఉంగరం, అవతలి వాళ్ళది కత్తెర. ఆవిడ ఒక్క మాటా మాట్లాడకుండా వీరయ్య పక్కన నిలబడి ఊరంతా దణ్ణాలు పెట్టింది. ముప్పై ఒక్క ఓట్లతో పోయింది. ఈసారి జనరల్ అయితే ప్రవీణ్ నిలబడాలని వాళ్ళ ఆలోచన.

"ఆడోళ్ళ ఓట్లకేముందిరా, మొగుడెటంటే అటేగా" అన్నాడు వీరయ్య.

చారు పోస్తున్న దీపిక, ఎవరూ అడక్కుండానే, "కాదు మావయ్యా, మన ఊళ్ళో నూట ముప్పై ఏడు మందిని అడిగాను. యాభై ఆరుగురు మా ఓటు మా ఇష్టం అన్నారు. పైకి మాత్రం సరే అంటారట" అంది.

అన్నం కలుపుతున్న చేతులు ఆగాయి. ఆ ఇంట్లో ఆమె మాట కోసం మగవాళ్ళ చేతులు ఆగడం అదే మొదలు. ఒక్క క్షణం, సిగ్గు లేకుండా చెప్పాలంటే, గర్వంగా అనిపించింది. ఇన్నేళ్ళ చదువును ఇవాళ విన్నారు అనుకుంది.

"ఎవురమ్మాయ్ వాళ్ళు?" అన్నాడు వీరయ్య మెత్తగా.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. పోయిన ఎన్నికల తర్వాత ఏం జరిగిందో దీపిక కళ్ళారా చూసింది. పడమటి వీధి మహాలక్ష్మి ఓటు అవతలి వాళ్ళకు వేసిందని అనుమానం వచ్చింది. అనుమానమే, రుజువేం లేదు. ఆ ఏడాది మిరపకాయ కోతలకు ఆమెను ఏ రైతూ పిలవలేదు. వీధి కుళాయి గొట్టం ఆమె ఇంటికి నాలుగిళ్ళ ముందే ఆగిపోయింది. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. పలకరించడం మానేశారు, అంతే. ఇప్పుడామె తెల్లారకముందే ఆటో ఎక్కి పిడుగురాళ్ల సున్నం బట్టీలకు పోతోంది, దగ్గుతూ తిరిగొస్తోంది. ఒక్క అనుమానానికే ఇంత అయితే, లాప్‌టాప్‌లోంచి యాభై ఆరు పేర్లు ఇంటి నెంబర్లతో సహా బయటికొస్తే?

"పేర్లు తీయాలంటే సాఫ్ట్‌వేర్ రన్ చేయాలి మావయ్యా. నా లాప్‌టాప్ చాలా స్లో. మధ్యలో హ్యాంగ్ అవుతుంది" అని తప్పించుకుంది.

సగం నిజం. ఒకే లెక్కను వెయ్యిసార్లు మార్చి మార్చి వేసే పెద్ద పని పెడితే ఆ పాత డబ్బా ఉన్న ర్యామ్ చాలక, హార్డ్ డిస్కును గరగరా గీకుతూ గంటన్నర తీసుకుంటుంది. కుక్కర్ పెట్టి, బట్టలు ఆరేసి, పిల్లకు జడ వేసి వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంటుంది. కానీ ఆ యాభై ఆరు పేర్లు తీయడానికి? సాఫ్ట్‌వేర్ తెరుచుకున్నాక పాతదాంట్లోనైనా పది సెకన్లు. ఈ సంగతి ఆ ఇంట్లో ఆమెకొక్కదానికే తెలుసు. పదిహేను రోజులుగా వాళ్ళు "అయిందా?" అనడం, ఆమె "ఇంకా రన్ అవుతోంది" అనడం. మూడేళ్ళు తిట్టుకున్న స్లో డిస్కును ఇప్పుడు దేవుడిలా చూసుకుంది. ఆ దేవుణ్ణి కూడా ప్రవీణ్ ఇవాళ మార్చేస్తున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం క్లాసులయ్యాక పేటలోని ఆ కొట్టుకు వెళ్ళింది. జహంగీర్ అని, నలభై ఏళ్ళ మనిషి, లాప్‌టాప్‌లు అమ్ముతాడు, బాగుచేస్తాడు. "అన్న నిన్న పాతది ఇచ్చి చెప్పాడు మేడం, పాతదాంట్లోదంతా దీంట్లోకి ఎక్కించమని. ఒక్క ఫైలు గూడా పోగూడదన్నాడు" అంటూ కొత్తదాన్ని ఆమె ముందుకు జరిపాడు. ఎక్కించడం అప్పటికే అయిపోయింది. "మీ సాఫ్ట్‌వేర్ వేశా. ఒకసారి నడిపి చూసుకోండి."

దీపిక నొక్కింది. పాతదాంట్లో తెరుచుకోడానికి నాలుగు నిమిషాలు పట్టేది రెండు సెకన్లలో తెరుచుకుంది. నాలుగు వందల పన్నెండు మంది రోజులు, వాళ్ళ నిద్ర, వాళ్ళ నీళ్ళ బిందెలు, వాళ్ళ మిరపచేలు, అన్నీ రెప్పపాటులో తెర మీదకొచ్చాయి. గంటన్నర పట్టే పెద్ద లెక్క పెట్టింది. అదంతా డిస్కు గొప్పే కాదు, ప్రాసెసరూ ర్యామూ కూడా కొత్తవేనని ఆమెకు తెలుసు. మూడు నిమిషాల్లో జవాబులు వరసగా పడ్డాయి.

ఎంత బాగుందో! ఏడుపొచ్చింది. ఈ మూడు నిమిషాల కోసం తను తెల్లవారుజామున లేచి కూర్చున్న రోజులెన్ని! నిజంగా చదువు కోసమే కొనిచ్చి ఉంటే ఈపాటికి థీసిస్ ఇచ్చేసి ఉండేది. చల్లకొచ్చి ముంత దాచడమెందుకు, వాళ్ళకు కావలసింది ముప్పై నాలుగో ప్రశ్న. ఇవాళ సాయంత్రం ఇంట్లో ఈ మూత తెరిస్తే ఇక "రన్ అవుతోంది" అనడానికి లేదు.

"బానే ఉందా మేడం? ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి" అన్నాడు జహంగీర్. "ఎస్‌ఎస్‌డీలో ఏదైనా డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ గూడా ఖాళీ చేశారనుకోండి, ఇంక ఆశ వదులుకోవాల్సిందే. పాత హార్డ్ డిస్కుల్లో అట్టా కాదు. డిలీట్ చేసినా, దాని పైన ఇంకోటి రాసేదాకా లోపల్నే ఉండిద్ది, నేను తీసిస్తా. మొన్న ఒక ఫోటోగ్రాఫర్ పెళ్ళి ఫోటోలు దీంట్లోంచి పోగొట్టుకుని ఏడ్చాడు, ఏం చెయ్యలేకపోయా. జాగర్త."

దీపిక తన ఫైళ్ళ ఫోల్డర్ తెరిచింది. తప్పుడు పేర్లు ఇస్తే? ఏ పేరిచ్చినా అది ఒక ఇంటిదే, ఒక పొయ్యిదే. అందరూ మనవాళ్ళేనంటే? నమ్మరు, యాభై ఆరని తనే చెప్పింది. వేలు 'పేర్లు' ఫైలు మీద ఆగింది. ఇది పోతే రెండో విడత లేదు. రెండేళ్ళు ఎండలో తిరిగింది సగానికి సగం పోతుంది. గైడుగారు ఏమంటారో. ప్రవీణ్ ఏం చేస్తాడో. ఒకసారి కోపంలో ఆమె ఫోన్ గోడకేసి కొట్టాడు, ఆ గోడ మీద గీత ఇప్పటికీ ఉంది. రేపట్నుంచి కాలేజీ మాన్పించవచ్చు. పుట్టింట్లో దింపి రావచ్చు.

డిలీట్ నొక్కింది. రీసైకిల్ బిన్ తెరిచి అదీ ఖాళీ చేసింది. రెండు సెకన్లు కూడా పట్టలేదు. ఎంత స్పీడు!

"జహంగీర్ గారూ, పాత డిస్కు మొత్తం సున్నాలతో నింపేయగలరా? ఇంకెవరూ ఏమీ తీయలేకుండా."

అతను ఆమె మొహంలోకి చూశాడు. "చెయ్యొచ్చు మేడం. స్లో డిస్కు గదా, మూడు గంటలు పట్టిద్ది."

"పట్టనివ్వండి. ఇక్కడే కూర్చుంటాను."

మూడు గంటలూ ఆ ప్లాస్టిక్ కుర్చీలోనే కూర్చుంది. తెర మీద అంకె పన్నెండు శాతం, పదమూడు శాతం అంటూ చంటిపిల్ల అన్నం తిన్నట్టు కదిలింది. ప్రవీణ్ ఫోన్ ఐదుసార్లు మోగింది. ఎత్తలేదు. ఆరోసారి జహంగీర్ ఫోనే మోగింది. "ఆఁ అన్నా, మేడం ఇక్కడే ఉన్నారు. ఇంకా అవతా ఉందన్నా. పాత డిస్కు గదా, మీకు తెల్సుగా దాని స్లో" అన్నాడు. ఫోన్ పెట్టేసి ఏమీ అడక్కుండా టీ తెప్పించాడు.

రొంపిచెర్ల బస్సు దిగి ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళ. పంచలో వీరయ్య వాలుకుర్చీలో ఉన్నాడు. ఒళ్ళో ఓటర్ల జాబితా, చెవి మీద పెన్సిలు. ప్రవీణ్ ఎదురొచ్చి బ్యాగు అందుకున్నాడు. తొమ్మిదేళ్ళలో అదీ మొదటిసారే. బల్ల మీద పెట్టి తెరిచాడు.

"అబ్బ, ఏం స్పీడు నాన్నా! చూడు, వెలిగిందే తడవు" అని కుర్చీ లాగాడు. "కూచ్చో. తియ్యి."

దీపిక కూర్చోలేదు. వీపు గోడకు ఆనించి నిలబడింది.

"పేర్లు లేవండీ" అంది.

"లేవంటే?"

"తీసేశాను. పాతదాంట్లో కూడా లేవు. ఎవరొచ్చినా ఇక రావు."

కుర్చీ వెనక్కి పడిన చప్పుడైంది. ప్రవీణ్ మొహం ఆమె మొహానికి జానెడు దూరంలోకి వచ్చింది. "నేను ఆ డబ్బాకంత పోసింది నువ్వు చెరపడానికా? ఎవురి కూడు తింటా ఎవురి వైపుంటున్నావే? రేప్పొద్దున్నుంచి కాలేజీ లేదు, గీలేజీ లేదు. గడప దాటు, చెప్తా."

ఆమె కళ్ళు మూసుకుంది. దెబ్బ పడుతుందనుకుంది. పడలేదు.

"ఆగరా" అన్నాడు వీరయ్య. ఆయన గొంతు ఎప్పుడూ లేవదు. అందుకే ఊరికి ఆయనంటే అంత భయం. "మిషన్లో పోతే పోయింది. అడిగింది నువ్వేగా అమ్మాయ్, చెవులారా విన్నావుగా. యాభై ఆరొద్దు. ఒక్క పేరు చెప్పు. అయిపోయిద్ది. లోపలికి పోయి అన్నం తిను."

గుర్తున్నాయి. అన్నీ గుర్తున్నాయి. ఎస్‌ఎస్‌డీలో చెరిపినంత తేలిగ్గా తలలోంచి చెరిపేసుకునే వీలుంటే ఎంత బాగుండేది. రోశమ్మ నవ్వు కళ్ళముందే ఉంది. ఆ మనిషి రేపు పొద్దున చీపురు పట్టుకుని ఈ వాకిట్లోకే వస్తుంది.

"చెప్పను మావయ్యా" అంది దీపిక. గొంతు పీలగా వచ్చింది గానీ మాట తిరగలేదు.

ప్రవీణ్ చెయ్యి లేచింది. అప్పుడు వంటింటి గుమ్మంలోంచి, "ఒరేయ్, దించు" అని వినిపించింది. ఆదిలక్ష్మమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ పంచలోకి వచ్చింది. మగవాళ్ళు ఓట్ల మాట మాట్లాడేచోటికి, నామినేషన్ వేసిన రోజు తర్వాత ఆవిడ రావడం ఇదే.

"దాన్ని పీక్కుతినడమెందుకు? ఒక్క పేరేగా మీకు కావాల్సింది. నేను చెప్తా, రాసుకోండి."

వీరయ్య నిజంగానే చెవి మీది పెన్సిలు తీశాడు.

"ఆదిలక్ష్మమ్మ. భర్త వీరయ్య" అంది ఆవిడ.

"ఏమే, మతి బోయిందా?"

"మతుండే ఏశా. పక్కూరి సర్పంచమ్మ మొగుడు చూపిచ్చిన చోటల్లా సంతకం పెట్టి కోర్టు మెట్లెక్కలా? నాకూ అదే గతి పట్టిద్దని నెల రోజులు అన్నం దిగలా. మీకు చెప్తే ఎవురన్నా ఇన్నారా? కాయితం మీద ఉంగరం బొమ్మ చూసేసరికి చెయ్యి వణికింది. కత్తెర మీద గుద్దొచ్చా."

పెన్సిలు కాగితం మీదే ఆగింది. ప్రవీణ్ చెయ్యి ఎప్పుడు దిగిందో అతనికే తెలియదు. ఆదిలక్ష్మమ్మ కోడలి పక్కకు వచ్చి, అదే గోడకు వీపు ఆనించి నిలబడింది. దీపిక భుజానికి ఆవిడ భుజం తగిలింది.

"నా మీద నేనే ఓటేసుకున్నా" అంది భర్త కళ్ళలోకి చూస్తూ. "ముందు నన్ను వెలెయ్యి. ఆ తర్వాత ఊరి సంగతి చూద్దువు."